రెండో ఊపిరి

గాజు గొట్టం నడుము దగ్గర ఎర్రబడి మెత్తబడుతుండగా వీధి తలుపు ఎవరో తట్టారు. మాస్టారు తలెత్తలేదు. మంటలో ఉన్న గాజును వదిలి లేచే అలవాటు ఆయనకు ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనూ లేదు, మానేసిన ఈ పదహారేళ్ళలోనూ రాలేదు.

“తలుపు,” అన్నారు.

“వినబడిందిలెండి. చెవులు నాకింకా పనిచేస్తున్నాయి,” అంది ఆయన భార్య. చేతిలోని అట్టపెట్టె మూతను ఎడమ అరచేత్తో నొక్కి మూసి, లేచింది.

వెనకగదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద చిన్న గ్యాసు బర్నరు, గోడకు ఆనించి పొడుగూ పొట్టీ గాజు గొట్టాలు. బడుల ప్రయోగశాలలకు చుక్కలు వేసే సన్నగొట్టాలు చేసి పంపడం ఆ ఇంటి కాలక్షేపం. ఆయన సాగదీస్తారు, ఆవిడ చివరలు నునుపు చేసి, కాగితం చుట్టి, పెట్టెల్లో సర్దుతుంది. ఈమధ్య మాస్టారి చేతులు వణుకుతున్నాయి. మంట దగ్గర మాత్రం ఆ సంగతి బయటపడదు. గొట్టాన్ని ఎలాగూ తిప్పుతూనే ఉండాలి కనుక వణుకు ఆ తిప్పడంలో కలిసిపోతుంది.

వచ్చింది పాతికేళ్ళు దాటిన అమ్మాయి. పాత సినిమాలను భద్రపరిచే భాండాగారంలో ఉద్యోగమట. భుజాన బరువైన సంచీ ఉంది. కూర్చోమంటే కూర్చోకుండా మంటవైపే చూస్తూ నిలబడింది. గొట్టాన్ని సాగదీసి, రెండు ముక్కలు చేసి, మంట తగ్గించాకే మాస్టారు ఆమె వైపు తిరిగారు.

“శాస్త్రవేత్త సినిమా గురించి వచ్చాను సార్,” అంది.

ఏ సినిమా అని అడగనక్కర్లేదు. మాస్టారు ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసిన పరిశోధనాలయాన్ని నెలకొల్పిన పెద్దాయన జీవితం మీద యాభై ఏళ్ళ కిందట తీసిన నలుపు తెలుపుల చిత్రం అది. బడికి వెళ్ళిన వాళ్ళందరూ ఒకసారైనా చూసి ఉంటారు. బయట ఉరుములు, లోపల దీపం, చెదిరిన జుట్టుతో కథానాయకుడు. నలభై రెండు గాజు బుడ్డీలు పగిలిపోయాక నలభై మూడోది చేతుల్లో నిండుగా ఉబ్బుతుంది. వయొలిన్లు మోగుతాయి. గాలి తీసేసిన ఆ బుడ్డీలో వెలుగు పుడుతుంది.

“ఉరుము ఉరిమిందంటే మా విభాగంలో గ్యాసు కట్టేసేవాళ్ళమమ్మా,” అన్నారు మాస్టారు. “నలభై మూడు బుడ్డీలు ఒక్క రాత్రిలో ఊదినవాడికి మర్నాడు ఊపిరితిత్తులు ఉండవు. పెద్దాయనకి అది రెండేళ్ళు పట్టింది. రెండేళ్ళని రాత్రి చేస్తేగాని టిక్కెట్లు తెగవు, ఏం చేస్తాం.”

అమ్మాయి నవ్వి సంచీలోంచి కాగితాలు తీసింది. సినిమాను శుభ్రం చేసి కొత్త ప్రతి తీస్తున్నారట. ఆదివారం పరిశోధనాలయం సభామందిరంలో ప్రదర్శన. అప్పట్లో తెరమీద పేర్లు రానివాళ్ళని వెతికి, చివర ఒక పేర్ల పలక చేర్చాలని సంకల్పం.

“గాజు ఊదే షాటు ఉంది కదా సార్, చేతులు మాత్రమే కనిపించేది. పదకొండు సెకన్లు. దానికోసం హీరోగారు మూడు నెలలు ఆ పని నేర్చుకున్నారని అన్ని పుస్తకాల్లోనూ ఉంది. కానీ కెమెరామన్ రోజువారీ నోటుబుక్కు దొరికింది. అందులో ‘చేతులు — గాజు విభాగం మనిషి’ అని రాసుంది. పేరు లేదు. అప్పుడు ఆ విభాగంలో ఉన్నది...”

“నేనే.” మాస్టారు నిటారుగా కూర్చున్నారు. “మూడు నెలలా! ఆ మహానుభావుడు మూడు నిమిషాలు నిలబడలేదు మంట దగ్గర. కోటు విప్పి నాకిచ్చి నీడపట్టుకి పోయాడు. ఆ చేతులు నావమ్మా. యాభై ఏళ్ళుగా చెబుతున్నాను. వినేవాడేడీ?”

“వినకేం, వీధంతా విన్నాం,” అంది ఆయన భార్య, నీళ్ళ గ్లాసు అమ్మాయి చేతికిస్తూ. “పాలవాడు కూడా ఒప్పజెబుతాడు.”

పెళ్ళికి ముందు ఆయన విభాగంలోనే పనికి చేరిన మనిషి కావడంతో ఆవిడ కూడా ఊళ్ళోవాళ్ళలాగే ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. ఆ పిలుపులో గౌరవం ఎంతో, ఎకసెక్కం ఎంతో ఆయన ఎప్పుడూ తూచి చూసుకోలేదు.

“అది కాదే, ఇంకొకడి చేతుల్ని నా చేతులని చెప్పుకు తిరగడానికి ఆ మనిషికి మనసెలా ఒప్పిందంటావ్?”

“చెప్పగా చెప్పగా నిజమే అనిపించి ఉంటుంది, పాపం,” అని ఆవిడ మళ్ళీ పెట్టె ముందు కూర్చుంది.

అమ్మాయి ఏదో రాసుకుని కొంచెం మొహమాటపడింది. “ఒక్క సందేహం సార్. ఆ షాటులో పొడుగు గొట్టం కుడిచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు మీరు ఎడమచేత్తో పట్టుకున్నారు.”

“భలే పట్టావు!” మాస్టారికి సంతోషం వేసింది. ఈ ప్రశ్న వేసినవాళ్ళు యాభై ఏళ్ళలో ఇద్దరో ముగ్గురో. “బొమ్మ తిరగబడిందమ్మా. కథానాయకుడు అటువైపు కూర్చున్నాడు కదా, అతుక్కోవాలని ఫిలిం తిరగేసి వేశారు. అద్దంలో చూసినట్టు. మీ సినిమావాళ్ళకి కుడీ ఎడమా ఒక లెక్కా?”

“అయ్యుండొచ్చు సార్. శుభ్రం చేస్తే తెలుస్తుంది. ఎల్లుండి ఒకసారి వచ్చి చూసి, ఇది సంతకం చేసిస్తే పలక తయారుచేయిస్తాం. శుక్రవారం సాయంత్రానికి పంపెయ్యాలి.” ఆమె ఒక ఫారం బల్లమీద పెట్టింది. పైన సినిమా పేరు, కింద ఖాళీ గీతలు, చివర సంతకానికి చోటు.

ఆమె వెళ్ళాక మాస్టారు ఫారాన్ని మంటకు దూరంగా, పై అలమరలో, గాజు కోసే ఆకురాయి కింద పెట్టి దాచారు.

“నువ్వూ రావాలి ఆదివారం,” అన్నారు.

“ఈ పెట్టెలు శనివారానికి పోవాలి. అయితే వస్తాను,” అంది ఆవిడ, తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దున్నే ఆయన పాత కోటు చంకన పెట్టుకుని వీధి చివర దర్జీ దగ్గరికి వెళ్ళారు. దర్జీ ఆయన ఈడువాడే, మాటలో మెత్తదనం బొత్తిగా లేనివాడు. మిషను ఆపకుండానే పలకరించాడు.

“రావయ్యా, చేతుల హీరో! ఏమిటి, కోటుకి కూడా వేషం ఉందా?”

“తెరమీద పేరు వేస్తున్నారురా. ఆదివారం. పరిశోధనాలయం డైరెక్టరుగారొస్తారు. ఇది బిగువైపోయింది, కొంచెం వదులు చెయ్యి.”

“పేరొకటీ! నీ మొహం కనపడలేదు కాబట్టే ఆ సినిమా వంద రోజులాడింది.” దర్జీ లేచి టేపు మెడలోంచి తీసి భుజాలు కొలిచాడు. చెయ్యి పొడవు కొలిచాడు. మణికట్టు చుట్టూ టేపు తిప్పి, బిగించి, వేలు పెట్టి చూసుకుని, అక్కడ ఆగిపోయాడు.

“ఏమైంది?”

“ఏం లేదు. మొన్న మా మనవరాలు ఫోన్లో ఆ ముక్క పెట్టి చూపించింది, మీ స్నేహితుడి చేతులట కదా తాతయ్యా అని. నా కళ్ళు కోటు మీదికే పోతాయి కదా. ఆ చెయ్యి కోటు లోపల గంటలో నాలికలా ఆడుతోందిరా.”

“అది కథానాయకుడి కోటు.”

“అదే నేననేదీ. ఆయన రెల్లుపుల్ల. సన్నవాడి కోటు నీకు వదులెలా అయింది?”

“అప్పుడు నేనూ సన్నమే.”

“నీ పెళ్ళి కోటు కుట్టిన చేతులివి,” అన్నాడు దర్జీ, టేపు ఆయన ముక్కు ముందు ఆడిస్తూ. “కొలతల పుస్తకం ఇంకా ఉంది, చూపించమంటావా? మణికట్టు ఎనిమిదింబావు. అప్పటికీ ఇప్పటికీ పెరిగింది నీ పొట్టొక్కటే.”

“కెమెరా వల్ల అలా కనపడుతుంది. కటకాలుంటాయి,” అన్నారు మాస్టారు. అన్నాక, దర్జీకి కటకాల సంగతి తెలియదు కాబట్టే తనీ మాట అనగలిగానని ఆయనకు తోచింది. దగ్గరినుంచి తీసే కటకం కోటునూ చేతినీ సమానంగానే పెద్దది చేస్తుంది. ఒకదాన్ని వదిలిపెట్టి ఇంకొకదాన్ని సన్నం చెయ్యదు.

కోటు అక్కడే వదిలి ఇంటికి వచ్చేశారు.

భాండాగారంలో చలి. ఫిలిం పాడవకుండా గదులన్నీ చల్లగా ఉంచుతారు. అమ్మాయి తెల్లటి నూలు చేతొడుగులు తొడుక్కుని, వెలుగుతున్న గాజుబల్ల మీద రీలును మెల్లగా చుడుతోంది. ఎడమ చేతివేళ్ళ మధ్య ఫిలిం అంచు జారుతుంటే, చిరిగిన కన్నాలు చూపుకంటే ముందు ఆ వేళ్ళకే తగులుతున్నాయి. ఎక్కడో ఆగింది, వెనక్కి తిప్పింది, అతుకును వేలితో రాసి చూసింది. మాస్టారికి ఆ పని నచ్చింది. చాలాసేపు చూశారు.

“ఇదిగో సార్, ఇక్కడనుంచి,” అందామె. “ముందు తెరమీద చూద్దాం. ఇప్పటిదాకా మీరు చూసినవన్నీ కాపీకి కాపీ తీసినవి. ఇది అసలు నెగటివు నుంచి తీసింది.”

పక్కన చిన్న తెర. చీకటి లేకపోయినా బొమ్మ స్పష్టంగా ఉంది. మంట నాలిక అంచు కూడా తెలుస్తోంది. రెండు చేతులు. కోటు అంచు రెండు మడతలు పెట్టి ఉంది. నోటి నుంచి వచ్చే రబ్బరు గొట్టం చట్రం పైనుంచి దిగి గాజుకు అమరింది. పొడుగు గొట్టం కుడిచేతిలో, అరచెయ్యి బోర్లించి. పొట్టిది ఎడమచేతి వేళ్ళ మధ్య.

“తిరగబడింది. చెప్పానా?” అన్నారు మాస్టారు.

“అక్కడే సార్ చిక్కు. వెనక అరలో సీసాలున్నాయి చూడండి. పాత కాపీల్లో అవి వట్టి మచ్చలు.” ఆమె బొమ్మను ఆపి, పెద్దది చేసింది. మసక చతురస్రాలు గట్టిపడి చీటీలయ్యాయి. చీటీల మీద అక్షరాలు. ఆ అక్షరాలు రాసింది మాస్టారే. ప్రతి సోమవారం సున్నపు పొడి, సోడా, బోరాక్సు సీసాలకు చీటీలు మార్చడం ఆయన పనే. తన దస్తూరీ, ఎడమనుంచి కుడికి, ఏ వంకరా లేకుండా చదువుకునేలా ఉంది.

తిరగబడలేదు.

“కుడిచేతివాటం వాళ్ళు పొడుగు గొట్టాన్ని ఎడమచేత్తో పడతారట కదా. సినిమా మొత్తంలో ఇది ఒక్కటే ఎడమచేతివాటం షాటు సార్,” అంది అమ్మాయి జాగ్రత్తగా. “మీరు ఆ రోజు కెమెరా కోసం చేతులు మార్చి చేశారేమో?”

ఎంత మర్యాదగా దారి చూపిస్తోంది! గాజు పని తెలియనివాళ్ళకు ఆ మాట సరిపోతుంది. చేతులు మార్చి గాజు తిప్పడం అంటే ఎడమచేత్తో సంతకం చేయడం లాంటిదని, అందులోనూ కెమెరా ముందు, మొదటిసారి, ఎవరూ చెయ్యరని ఈ గదిలో తెలిసినది ఒక్కరికే.

“మళ్ళీ వెయ్యి,” అన్నారు.

గాజు ఎర్రబడింది. మంటలోంచి బయటికి వచ్చింది. ఊపిరి అందింది. బుడ్డీ నిమ్మకాయంత ఉబ్బి, ఆగింది. రెప్పపాటు. చేతులు తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత ఇంకొక ఊపిరి, మొదటిదానికంటే మెత్తగా, బుడ్డీని నారింజపండంత చేసింది.

“ఆ ఆగినది ఎంతసేపు?”

అమ్మాయి లెక్కపెట్టింది. “పంతొమ్మిది ఫ్రేములు సార్. సెకను కంటే తక్కువ.”

పంతొమ్మిది. మాస్టారు కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. ఒకే ఊపిరి, గట్టిగా, ఎడతెగకుండా. ఆయన నేర్చుకున్నదీ, నేర్పిందీ అదే. మధ్యలో ఊపిరి ఆపితే గాజు చల్లబడుతుందని, బుడ్డీ గోడ ఎగుడుదిగుడవుతుందని ఆయన ఒక మనిషిని ఎన్నిసార్లు తిట్టారో! ‘ఏమిటా ఎక్కిళ్ళు?’ అనేవారు. ఆ మనిషి తల ఊపేది, మళ్ళీ అలాగే ఊదేది.

“సార్, ఫారం తెచ్చారా?”

ఫారం చొక్కా జేబులో ఉంది. నాలుగు మడతలు పెట్టి, పేరు ముందే నింపి.

“కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానమ్మా. రేపు పంపిస్తాను,” అన్నారు మాస్టారు.

అమ్మాయి ఆయన ముక్కు మీద ఉన్న కళ్ళజోడు వైపు ఒక్క క్షణం చూసి, “సరే సార్,” అంది.

ఇల్లు చేరేసరికి నాలుగైంది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. ఆవిడ ఆఖరి పెట్టెకు పురికొస కడుతోంది.

మాస్టారు కండువా తీసి మేకుకు తగిలించారు. గోడవారనున్న గొట్టాల్లోంచి ఒకటి ఎంచి, ఒక కొన మంటలో మూసి, రెండో కొనకు రబ్బరు గొట్టం తగిలించి బల్లమీద పెట్టారు. మంట సరిచేశారు. అప్పుడు కుర్చీలోంచి లేచి పక్కన నిలబడ్డారు.

“ఇలా వచ్చి ఒక బుడ్డీ ఊదు,” అన్నారు.

ఆవిడ పురికొస ముడి పూర్తిచేసింది. “ఇరవయ్యేళ్ళయింది మంట దగ్గర కూచుని. ఇప్పుడేమిటి?”

“ఊదు.”

ఆవిడ ఆయన ముఖం చూసింది. చీర కొంగు నడుముకు దోపి వచ్చి కూర్చుంది. గొట్టం పొడుగు భాగం కుడిచేతిలోకి, అరచెయ్యి బోర్లించి. మూసిన కొన ఎడమచేతి వేళ్ళ మధ్యకి. మొదటి తిప్పు తడబడింది. నాలుగో తిప్పుకి చేతులకి వాటి సంగతి అవే గుర్తుకొచ్చాయి. గాజు ఎర్రబడింది. మంటలోంచి తీసి, రబ్బరు గొట్టం పెదవుల మధ్య పెట్టుకుంది.

బుడ్డీ నిమ్మకాయంత ఉబ్బి, ఆగింది. తర్వాత మళ్ళీ ఉబ్బింది.

మాస్టారు బర్నరు మంట తగ్గించారు. బుడ్డీని ఆవిడ చల్లారడానికి బూడిద పళ్ళెంలో పెట్టింది.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నారు.

“చెప్పాను.”

“ఎప్పుడు?”

“ఆ రోజే. మీ చేతి బొటనవేలు కాలితే కట్టు కట్టించుకోడానికి ఆస్పత్రికి వెళ్ళారు, గుర్తుందా? గురువారం. సోమవారం మీ చేతుల్తో తీసిన రీలుకి వెలుతురు తగిలి పాడైందట. మళ్ళీ వచ్చారు వాళ్ళు. మీరు లేరు. మంట ముట్టుకోకూడదు నేను, చివరలు అరగదీసే పనిదాన్ని కదా. మేస్త్రీగారు అటు తిరిగి నిలబడ్డారు. ఆ కెమెరా ఆయన నా చెయ్యి చూసి, మా హీరోది కూడా ఇంచుమించు ఇంతే, మసి పూస్తే సరిపోతుందన్నాడు. గాజులు తీయించేశారు. కోటు అంచులు రెండు మడతలు పెట్టారు.” ఆవిడ మడత చూపించడానికన్నట్టు మణికట్టు మీద వేళ్ళు తిప్పింది. “సాయంత్రం మీరు కట్టుతో వచ్చారు. చెప్పాను. మీరేమన్నారో చెప్పమంటారా?”

మాస్టారు బర్నరు పూర్తిగా ఆర్పేశారు.

“‘లైట్లు సరిచూసుకోడానికి తీసుంటారులే’ అన్నారు.”

బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు. మాస్టారు ఆ గురువారాన్ని గుర్తుచేసుకోవాలని చూశారు. సోమవారం గుర్తుంది, ప్రతి క్షణం. దీపాల వేడి, కోటు చంకల్లో పట్టేసిన బిగువు, అందరూ ఊపిరి బిగబట్టి తన చేతుల్ని చూడటం. గురువారం ఉన్నచోట ఏమీ లేదు. కొలతలో ఇమడని అంకెను పట్టికలోంచి కొట్టేసినట్టు, ఎప్పుడో కొట్టేశారు. కొట్టేసిన గీత కూడా మిగలలేదు.

“హాల్లో చూసినప్పుడు?”

“పెళ్ళయిన కొత్త. మోచేత్తో పొడిచి ‘చూడు, నా చేతులు’ అన్నారు. వేళాకోళం అనుకుని నవ్వాను. కాదని తెలిసేసరికి మీరు మా అన్నయ్యకీ, వాళ్ళావిడకీ, టిక్కెట్లు చింపేవాడికీ చెప్పేశారు. అప్పుడు నేను నోరు విప్పితే మంట ముట్టుకున్నందుకు నా ఉద్యోగం, నేర్పినందుకు మీ ఉద్యోగం రెండూ పోయేవి. ఆ తర్వాత...” ఆవిడ భుజాలు కదిపింది. “ఆ తర్వాత ఏటేటా కథ పెద్దదైంది. ఎక్కడని ఆపను?”

“నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.”

“అదే నేనూ అనుకుంటూ ఉంటాను. రోజూ ఈ చేతుల్తో వడ్డిస్తే తింటారు. తెరమీద ఏనుగంత చేసి చూపించినా ఆనవాలు పట్టలేదు. ఇవాళ గాజు తిప్పిన తీరు చూసి పట్టారు.” ఆవిడ గొంతులో కోపం ఉందో లేదో తేల్చుకోవడం కష్టం. “పోనీలెండి, అలాగైనా పట్టారు.”

మాస్టారు జేబులోంచి ఫారం తీసి విప్పారు. ఆవిడ తన పేరుండవలసిన చోట ఆయన పేరు చూసి, కాగితం ఆయన వైపే నెట్టింది.

“సంతకం పెట్టి ఇచ్చెయ్యండి.”

“ఏమంటున్నావ్?”

“ఇప్పుడు మార్చి చెబితే నవ్వుతారు. నా మీద కాదు. దర్జీ అన్నయ్య ఒక్కడు చాలు, చచ్చేదాకా ఏడిపిస్తాడు మిమ్మల్ని. డెబ్భై ఆరేళ్ళు వచ్చి నలుగురిలో చులకనవ్వాలా? బుడ్డీ పగల్లేదు. పెద్దాయన కథ నిలబడింది. చేతులెవరివైతే ఏమిటి?”

“నీకు అక్కర్లేదా?”

ఆవిడ బూడిద పళ్ళెంలో బుడ్డీని వేలితో కొద్దిగా దొర్లించింది.

“అక్కర్లేకపోతే,” అంది, “మీరు చెప్పినప్పుడల్లా లేచి లోపలికెందుకు వెళ్తాను?”

శుక్రవారం పొద్దున మాస్టారు కొత్త ఫారం కోసం భాండాగారానికి ఫోను చేయలేదు. పాతదాన్నే తీసుకుని, తన పేరును ఒక్క గీతతో, కింద అక్షరాలు కనబడేలా కొట్టేశారు. ప్రయోగశాల పుస్తకాల్లో తప్పును కొట్టేసే పద్ధతి అదే. తుడిచేయకూడదు, చెరిపేయకూడదు, ఏం తప్పు జరిగిందో చూసేవాడికి తెలియాలి. ఖాళీ గీతల మీద వణికే అక్షరాలతో రాశారు: ‘పై సినిమాలో గాజు ఊదిన చేతులు నావి కావు. ఆధారాలు: పొడుగు గొట్టం కుడిచేతిలో ఉంది, వెనక చీటీలు సరిగానే చదవబడుతున్నాయి గనుక బొమ్మ తిరగబడలేదు. కోటు ఆ చేతికి వదులు, నాకు బిగువు. బుడ్డీ రెండు ఊపిర్లతో ఊదబడింది. నిన్న సాయంత్రం నా ఎదుట అదే విధంగా ఊది చూపించిన వ్యక్తి పేరు దిగువ ఇస్తున్నాను.’

ఫారం తీసుకోవడానికి అమ్మాయే వచ్చింది. నిలబడి చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. వంటింటి గడపలో నిలబడ్డ ఆవిడ వైపు చూసి, మళ్ళీ మాస్టారి వైపు తిరిగింది.

“సార్, నేర్పింది మీరే కదా. ఇద్దరి పేర్లూ వేద్దామా? ఎవరూ కాదనరు.”

ఎవరూ కాదనరు, నిజమే. మాస్టారు ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. నేర్పిన మాట అబద్ధం కాదు. పని ముగిశాక తలుపు వేసి, కొలువు పోయే భయంతో, ఆర్నెల్లు నేర్పారు. దర్జీకి చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది. చేతులు ఆవిడవి, విద్య నాది అని.

“నేను నేర్పింది ఒక్క ఊపిరమ్మా,” అన్నారు చివరికి. “అక్కడున్నవి రెండు.”

సాయంత్రం కోటు తెచ్చుకోవడానికి వెళ్ళి, దర్జీకి తానే చెప్పేశారు. ఇంకొకరి నోట వింటే ఇంకా అన్యాయంగా ఉంటుందని. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంతా విన్నాడు. ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చాడు.

“అంటే యాభై ఏళ్ళు మా చెల్లెమ్మ చేతులు చూపించి టీలు తాగావన్నమాట.”

“అన్నమాటే.”

“కొలత తప్పదని చెప్పానా, లేదా?”

“చెప్పావు.”

దర్జీ ఇంకేదో అనబోయి, ఆయన ముఖం చూసి, కోటును దులిపి చేతికిచ్చాడు. “ఆదివారం వేసుకునే వెళ్ళు,” అన్నాడు. “పక్కన కూర్చునేవాడికి కూడా కోటు ఉండాలి.”

సభామందిరం నిండింది. కుర్రకారు మెట్ల మీద కూడా కూర్చున్నారు. పాత సినిమా కదా అని నవ్వుకుంటూ మొదలుపెట్టి, సగంలోకి వచ్చేసరికి వాళ్ళే నిశ్శబ్దమైపోయారు. తెరమీద ఉరుములు ఉరిమాయి. కథానాయకుడు జుట్టు వెనక్కి తోసుకున్నాడు. మాస్టారి పక్క కుర్చీలో ఆయన భార్య చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. పెట్టెలన్నీ శనివారమే పోయాయి.

చేతులు వచ్చాయి. గోడ ఎత్తున, మంట వెలుగులో, మసి పూసుకుని. వయొలిన్లు ఇంకా మొదలు కాలేదు. బుడ్డీ నిమ్మకాయంత అయి ఆగినప్పుడు మందిరం మొత్తం ఊపిరి బిగబట్టింది. అది పగిలిపోతుందేమోనని ఈ యాభై ఏళ్ళలో చూసినవాళ్ళందరికీ కలిగిన భయం ఆ పంతొమ్మిది ఫ్రేముల వల్లనేనని మాస్టారికి అప్పుడే అర్థమైంది. ఒకే ఊపిరిలో ఊది ఉంటే, పని సవ్యంగా ఉండేది. ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆయన తెరవైపు చూడటం మాని, పక్కకు తిరిగారు. ఆవిడ వేళ్ళు సంచీ పిడి మీద, కుడిచెయ్యి బోర్లించి, నెమ్మదిగా తిరుగుతున్నాయి.

చివరి పలక పడింది. ఏడు పేర్లు. వడ్రంగి, విద్యుత్ పనివాడు, కోట్లు ఇస్త్రీ చేసినాయన. అయిదో వరసలో ‘గాజు ఊదిన చేతులు’ అని, ఎదురుగా ఆవిడ పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, అప్పటి ఉద్యోగ పట్టీలో ఉన్నట్టు. భాండాగారం అమ్మాయి ముందు వరసలోంచి లేచి వెనక్కి తిరిగి చప్పట్లు మొదలుపెట్టింది. మెట్ల మీది కుర్రకారు ఎవరికోసమో తెలియకపోయినా అందుకున్నారు. దీపాలు వెలిగాయి.

ఆవిడ లేవలేదు. ఖాళీ అయిన తెరవైపే కళ్ళు చికిలించి చూస్తోంది.

“ఏమైంది?” అన్నారు మాస్టారు, ఆవిడ మోచేతి కింద చెయ్యి వేస్తూ.

“బుడ్డీ మెడ దగ్గర మందం ఉండిపోయింది మాస్టారూ,” అంది. “ఇంకో రెండు తిప్పులు తిప్పాల్సింది.”

“నాకేం కనబడలేదే!”

“మీకు కనబడుతుందని ఎవరన్నారు,” అని ఆవిడ లేచి నిలబడింది.